పోలిక వేరు, చుట్టరికం వేరు: మలేరి మట్టిలో దొరికిన మొసలి కాని మొసలి

మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల మధ్య గోదావరి ఒడ్డున శివ్వారం అభయారణ్యం ఉంది. అక్కడి మడుగుల్లో మొసళ్లుంటాయి. చలికాలంలో ఎండ కాగడానికి బండల మీదికి ఎక్కుతాయి. మా వరంగల్ వాళ్లకైతే మొసలి అనగానే పాకాల చెరువు గుర్తొస్తుంది. అంటే మొసలి మనకు కొత్తేమీ కాదు. అందుకే ఒక పుర్రె బొమ్మను మా అక్క కొడుక్కి చూపించినప్పుడు వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మొసలి పుర్రె కదా మామా?"

"కాదురా."

"అయితే మొసలికి తాత."

"తాత కూడా కాదు."

పొడుగు మూతి, నిండా పళ్లు, పైకి చూసే కళ్లు. ఇన్ని కనిపిస్తుంటే మొసలి కాదంటే ఎవరు నమ్ముతారు? కానీ అది నిజంగానే మొసలి కాదు, మొసళ్లకు పూర్వీకుడూ కాదు. దాని పేరు పారాసుకస్ హిస్లోపి. సుమారు 22 కోట్ల ఏళ్ల కిందట, ట్రయాసిక్ కాలంలో, ఇప్పటి ఉత్తర తెలంగాణ నేల మీద పారిన నదుల్లో బతికింది. దాని ఎముకలు శివ్వారానికి ఉత్తరాన, పాత ఆదిలాబాద్ జిల్లాలో, మలేరి ఊరి పేరు పెట్టుకున్న ఎర్రమట్టి పొరల్లో దొరికాయి. ఫైటోసార్లు అనే గుంపులో ఇదొకటి. సరీసృపాల వంశవృక్షంలో ఈ గుంపును ఏ కొమ్మకు తగిలించాలన్నది ఇప్పటికీ పూర్తిగా తేలని పంచాయితీ. ఆ పంచాయితీలో మన నేల ఎముకలు చెప్పే సాక్ష్యం చాలా ఉంది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

ముందు నేల సంగతి. వరంగల్, హనుమకొండ గుట్టల్లో ఎంత వెతికినా ఇలాంటి ఎముకలు దొరకవు. మన కింద ఉన్నది గ్రానైట్. అది భూమి లోపల కరిగి గడ్డకట్టిన రాయి. పైగా ఎముకలున్న జంతువులు పుట్టకముందు ఎన్నో కోట్ల ఏళ్ల నాటిది. గోదావరి, ప్రాణహిత లోయ అలా కాదు. అక్కడ భూమి పైపొర పగిలి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఒక పొడవాటి పట్టీలాగా కిందికి కుంగింది. ఆ పల్లంలోకి కోట్ల ఏళ్ల పాటు నదులు ఇసుక, బురద తెచ్చి నింపాయి. అడుగు పొరల్లో సింగరేణి బొగ్గు ఉంది. పొరలు ఈశాన్యానికి వాలి ఉన్నాయి. అందుకని బెల్లంపల్లి వైపు బొగ్గు బాయిల నుంచి ప్రాణహిత దిక్కుగా వెళ్తే, నడిచిన కొద్దీ కొత్త కాలపు రాళ్లు కాలికింద తగులుతాయి. బొగ్గు తర్వాత వచ్చే పొరల్లో ఎర్రపల్లి, దాని పైన భీమారం, ఆ పైన మలేరి, తర్వాత ధర్మారం, ఆఖరికి రాక్షసబల్లుల కోట పొర. పేర్లన్నీ ఊళ్ల పేర్లే. మన పల్లెల పేర్లు ప్రపంచమంతటా పురాజీవ శాస్త్రవేత్తల నోట్లో నలుగుతుంటాయన్న సంగతి ఆ పల్లెల్లో చాలామందికి తెలియదు. అది నాకు బాధగానే ఉంటుంది.

మలేరి పొర అంటే ముఖ్యంగా ఎర్రని బంకమట్టి, మధ్యమధ్యలో ఇసుకరాయి, సున్నపు గడ్డలు. ఎండాకాలం, వానకాలం స్పష్టంగా వేరుగా ఉండే వేడి ప్రదేశంలో నదులు పొంగి, ఒండ్రు పరిచి, ఎండిపోయి, మళ్లీ పొంగిన గుర్తులవి. మంచినీటి ఆలిచిప్పలు, ఊపిరితిత్తులున్న చేపలు, చాట తలకాయలున్న పెద్ద ఉభయచరాలు అందులో దొరికాయి. ఆ నీళ్లకు రాజు మాత్రం పారాసుకస్. సుమారు రెండున్నర మీటర్ల పొడవు.

దాన్ని మొదట వెలుగులోకి తెచ్చినవాళ్లలో స్టీఫెన్ హిస్లాప్ ఒకడు. నాగపూర్‌లో ఉండి పనిచేసిన స్కాట్లండ్ మిషనరీ. మతం పని ఒకవైపు, రాళ్లు ఏరడం ఇంకోవైపు. 1863లో నాగపూర్ దగ్గర ఒక వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. జంతువు పేరులోని 'హిస్లోపి' ఆయనే. పారాసుకస్ అన్న మాటను ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్‌లీ 1870లో వాడాడు. 'మొసలికి దగ్గరిది' అని దాని అర్థం. 1885లో రిచర్డ్ లైడెక్కర్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త దానికి వర్ణన రాశాడు. చిక్కు అక్కడే మొదలైంది. ఆయన ముందున్నవి విడివిడి ముక్కలు. అందులో ఒకే జంతువువి కాని ఎముకలు కలిసిపోయాయి. వర్షానికి బయటపడ్డ ముక్కలను ఏరి ఒక సంచిలో వేస్తే అంతే అవుతుంది. ఏది ఎవరి కాలో, ఏది ఎవరి తలో తెలియదు. పేరు ఉంది కానీ ఆ పేరు ఏ జంతువుదో గట్టిగా చెప్పలేని పరిస్థితి దాదాపు వందేళ్లు నడిచింది.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఈ గుంపు పేరులోనే ఉంది. ఫైటోసార్ అంటే 'మొక్కల బల్లి'. 1828లో జర్మనీలో యేగర్ అనే శాస్త్రవేత్త ఒక దవడ ముక్క చూశాడు. పళ్లు ఊడిపోయిన గుంతల్లో బురద చేరి రాయిగా మారి ఉంది. ఆ మొద్దు బురద అచ్చులనే ఆయన పళ్లనుకున్నాడు. ఇంత మొద్దు పళ్లంటే ఆకులు నమిలే జంతువే అనుకుని ఆ పేరు పెట్టాడు. చేపలను, చిన్న జంతువులను పట్టి తినే వేటగాడికి శాకాహారి పేరు స్థిరపడిపోయింది. శాస్త్రంలో పేర్లకు ముందు పెట్టినవాడిదే హక్కు. తప్పని తెలిసినా మార్చరు.

మలేరి చిక్కు విడిపోవడానికి దారి కోల్‌కతా నుంచి వచ్చింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ 1950ల చివర లండన్ నుంచి పామెలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రవేత్తను పిలిపించాడు. ఆమె చేతుల మీదుగా అక్కడొక భూవిజ్ఞాన విభాగం తయారైంది. లెక్కల సంస్థకు రాళ్లతో ఏం పని అనిపించవచ్చు. కానీ ప్రాణహిత, గోదావరి లోయను పొర పొరగా చదివింది వాళ్లే. మలేరిలో దొరికిన ఒక క్షీరద బంధువుకు ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే అని ఆ సంస్థ పేరే పెట్టారు. ఆ బృందంలోని శంకర్ ఛటర్జీ 1978లో పారాసుకస్ పూర్తి వర్ణన ప్రచురించాడు. ఈసారి ముక్కలు కాదు, ఎముకలు వాటి చోట్లలోనే ఉన్న అస్థిపంజరాలు దొరికాయి.

ఆ పారాసుకస్‌ల పొట్ట భాగంలో ఇంకో జంతువు ఎముకలున్నాయి. పొడుగు మెడ, ఉడుము లాంటి ఒళ్లు ఉన్న చిన్న సరీసృపం. అది వాటి చివరి తిండి అయి ఉంటుంది. తిన్నదానికీ గుర్తింపు దక్కింది. 1980లో ఛటర్జీ దానికి మలేరిసారస్ రాబిన్సనే అని మలేరి పేరు, రాబిన్సన్ పేరు కలిపి పెట్టాడు. లైడెక్కర్ కాలపు పేరు చిక్కును అంతర్జాతీయ జంతునామ సంఘం 2003లో తేల్చింది. పాత ముక్కలను పక్కన పెట్టి, ఈ పూర్తి అస్థిపంజరాల్లో ఒకదాన్నే ఆ పేరుకు అసలు నమూనాగా ఒప్పుకుంది. ఇప్పుడు ప్రపంచంలో ఎవరు పారాసుకస్ అన్నా, కొలత మన మలేరి జంతువే. జర్మనీలో, పోలండ్‌లో, అమెరికాలో దొరికిన దగ్గరి బంధువులను కూడా ఇప్పుడు ఇదే పేరు కింద చేరుస్తున్నారు. అప్పట్లో ఖండాలన్నీ ఒకటే నేల. గోదావరి లోయ జంతువుకు టెక్సాస్‌లో అన్నదమ్ములుండటం వింత కాదు.

ఇక అసలు ప్రశ్న. మొసలి కాదని ఎలా తెలుసు?

మన దగ్గర పెళ్లి సంబంధం చూడటానికి వస్తే ఇంటిపేరు అడుగుతారు, గోత్రం అడుగుతారు, మేనమామలు ఎవరని ఆరా తీస్తారు. ముక్కు తీరు ఒకేలా ఉందని చుట్టరికం కలపరు. జంతువుల దగ్గర కూడా అంతే. బయటికి కనిపించే రూపం చాలాసార్లు చేసే పనిని బట్టి వస్తుంది. వంశం తెలియాలంటే ఆ పనితో సంబంధం లేని చిన్న చిన్న గుర్తులు వెతకాలి.

మొసలి పని ఏమిటి? నీళ్లలో మునిగి, కళ్లు, ముక్కు మాత్రమే పైకి పెట్టి, కదలకుండా కాచుకుని, దగ్గరికొచ్చినదాన్ని పట్టడం. ఈ పనికి పొట్టి కాళ్లు, పొడవైన తోక, పళ్లున్న పొడుగు మూతి కావాలి. ఎవరు ఈ పనికి దిగినా కొంతకాలానికి ఇలాగే తయారవుతారు. పారాసుకస్ కూడా అలాగే తయారైంది. అయితే ఈ పనిలో ఒక గట్టి ఇబ్బంది ఉంది: నోటి నిండా నీళ్లున్నప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలి? ఆ ఇబ్బందిని మొసలి ఒక రకంగా, ఫైటోసార్ ఇంకో రకంగా దాటాయి. వాటి తేడా పట్టుబడేది ఇక్కడే.

మొసలి ముక్కు రంధ్రాలు మూతి చివర ఉంటాయి. గాలి అక్కడి నుంచి గొంతు దాకా పోవాలంటే మూతి పొడవంతా ప్రయాణించాలి. నోట్లోంచి పోతే నీళ్లు కలుస్తాయి. అందుకే మొసలి నోటి పైకప్పులో ఎముకతో ఇంకో అంతస్తు వేసుకుంది. కింద నోరు, పైన గాలి గొట్టం. గొంతు దగ్గర ఒక కండ తలుపు మూసుకుంటుంది. నోరు తెరిచి నీళ్లలో ఉన్నా గాలి దారి పొడిగా ఉంటుంది.

ఫైటోసార్ అంత కట్టడం కట్టలేదు. ముక్కునే వెనక్కి జరుపుకుంది. దాని ముక్కు రంధ్రాలు మూతి చివర కాదు, వెనకాల, తల పైభాగంలో, కళ్ల వైపు ఉంటాయి. గాలి అక్కడి నుంచి దాదాపు నేరుగా కిందికి, గొంతు వైపు దిగుతుంది. ఎముక అంతస్తుతో అంత పని లేదు. ఈ గుంపులో పారాసుకస్ తొలి దశది కాబట్టి దాని ముక్కు కొంత ముందుకే ఉంటుంది. తర్వాత వచ్చిన ఫైటోసార్లలో అది ఇంకా వెనక్కి, కళ్ల దగ్గరికి జరిగిపోయింది. అంటే కాలం గడిచిన కొద్దీ ఈ గుంపు తన దారిలోనే ముందుకు పోయింది, మొసలి దారిలోకి రాలేదు. ఒకే వంశమైతే ఒకే ఏర్పాటు వారసత్వంగా వచ్చేది. ఏర్పాట్లు వేరయ్యాయంటే ఇద్దరూ వేర్వేరుగా నీళ్లలోకి దిగారని అర్థం.

మా మేనల్లుడికి ఇది చెప్పాక వాడు రెండు పుర్రెల బొమ్మలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఒకసారి ముక్కు చూశాక ఇక రెండింటినీ కలపలేం.

ఇప్పుడు వంశవృక్షం. ఇప్పుడు బతికున్న సరీసృపాల్లో తాబేళ్లను కాసేపు పక్కన పెడితే రెండు పెద్ద కొమ్మలు కనిపిస్తాయి. ఒకదాంట్లో బల్లులు, తొండలు, ఉడుములు, పాములు, న్యూజిలాండ్‌లోని టువటారా. రెండోదాంట్లో మొసళ్లు, పక్షులు. అవును, పక్షులు. పెరట్లో తిరిగే కోడికి బతికున్న జంతువుల్లో పక్షుల బయట అతి దగ్గరి బంధువు మొసలే. బల్లి కాదు. ఈ రెండో కొమ్మ మీదనే రాక్షసబల్లులు, ఫైటోసార్లు, మలేరిసారస్ ఉన్నాయి. మలేరిలో కుప్పలుగా దొరికే హైపెరోడాపెడాన్ అనే, పక్షి ముక్కులాంటి దవడ ఉన్న శాకాహారి కూడా ఇక్కడిదే. దీన్ని హక్స్‌లీ మొదట టువటారాకు చుట్టం అనుకున్నాడు, ఆ దవడ తీరు చూసి. ఆ పొరపాటు సర్దుకోవడానికి వందేళ్లు పట్టింది. పోలికను చుట్టరికం అనుకోవడం ఎంత గొప్పవాళ్లకైనా తప్పలేదు.

రెండో కొమ్మ చివర్లో ఒక చీలిక ఉంది. ఒక పాయ మొసళ్ల వైపు, ఇంకోటి రాక్షసబల్లుల మీదుగా పక్షుల వైపు. ఈ రెండు పాయలను కలిపి ఆర్కోసార్లు అంటారు. పుర్రెలో కంటికీ ముక్కుకీ మధ్య ఒక రంధ్రం, గుంతల్లో బిగించిన పళ్లు ఈ కుటుంబపు పాత గుర్తులు. ఫైటోసార్లకు ఈ రెండూ ఉన్నాయి. అందుకే అవి ఈ చీలిక దగ్గరలోనే ఎక్కడో ఉన్నాయని అందరూ ఒప్పుకుంటారు. తేలనిది ఒక్కటే: చీలికకు ముందా, తర్వాతా?

చాలాకాలం చీలిక తర్వాతే, మొసలి పాయలోనే పెట్టారు. దానికి కారణం చీలమండ. అక్కడ రెండు ముఖ్యమైన ఎముకలుంటాయి. మొసలిలో ఒకటి పిక్క ఎముకతో ఉండిపోతుంది, రెండోది పాదంతో కదులుతుంది. వాటి మధ్య మేకూ గుంతా లాంటి కీలు ఉంటుంది. రాక్షసబల్లుల్లో, పక్షుల్లో అలా కాదు. రెండు ఎముకలూ పిక్కకే అతుక్కుని, పాదం మొత్తం తలుపు బందు మీద ఊగినట్టు కదులుతుంది. పారాసుకస్ చీలమండ మొసలి తీరులో ఉంది. కాబట్టి మొసలి పాయ అన్నారు. వినడానికి సబబుగానే ఉంది.

2011లో స్టెర్లింగ్ నెస్బిట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త నాలుగు వందలకు పైగా ఎముక లక్షణాలను ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. లెక్కలో ఫైటోసార్లు చీలికకు ముందుకు జారాయి. అంటే అవి మొసలి పాయలోవీ కాదు, పక్షి పాయలోవీ కాదు, ఇద్దరికీ పినతండ్రి పిల్లల్లాంటివి. మరి మొసలి తీరు చీలమండ? దానికి జవాబు చాలా ముఖ్యం. ఆ చీలమండ మొసలి సొత్తు కాకపోవచ్చు. అది అందరికీ ఉన్న పాత ఆస్తి అయి, పక్షి పాయ తర్వాత దాన్ని వదిలేసుకుని ఉండవచ్చు. తాత ఇంటి గడప ఒక మనవడి ఇంట్లో మిగిలినంత మాత్రాన ఆ గడప ఉన్న ప్రతి ఇల్లూ ఆ మనవడిది కాదు కదా. 2016లో మార్టిన్ ఎజ్‌కుర్రా అనే ఇంకో శాస్త్రవేత్త ఇంకా ఎక్కువ లక్షణాలతో చేసిన విశ్లేషణలో మాత్రం ఫైటోసార్లు తిరిగి మొసలి పాయ మొదట్లోకి వచ్చాయి.

పాత ఆస్తి అన్న వాదనకు బలం ఇచ్చింది మళ్లీ మన నేలే. మలేరికి కింద, ఇంకా పాత ఎర్రపల్లి పొరల్లో దొరికిన ఒక జంతువుకు 2005లో కస్తూరి సేన్ యారాసుకస్ డెక్కనెన్సిస్ అని పేరు పెట్టింది. అందులో 'యారా' మన 'ఎర్ర'నే. ఎర్రమట్టిని బట్టి పెట్టిన పేరు. 'సుకస్' అంటే మొసలి. ఎర్ర మొసలి అన్నమాట. మొసలి పాయదనే అనుకున్నారు. టాంజానియాలో దొరికిన టెలియోక్రేటర్ అనే పాత సరీసృపాన్ని 2017లో వివరిస్తూ నెస్బిట్ బృందం యారాసుకస్‌ను దాని పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకే చిన్న కుటుంబం అని, ఆ కుటుంబం పక్షి పాయ మొదట్లో ఉందని తేలింది. నాలుగు కాళ్ల మీద నడిచే, పొడుగు మెడ వేటాడే జంతువులవి. వాటి చీలమండ మాత్రం మొసలి తీరులోనే ఉంది. పక్షి పాయ కూడా ఆ చీలమండతోనే బయలుదేరిందన్నమాట. అలాంటప్పుడు పారాసుకస్ చీలమండను చూపించి దాన్ని మొసలి పాయలో కూర్చోబెట్టలేం. ఫైటోసార్ల స్థానం దీనితోనే తేలిపోలేదు. కానీ పాత వాదనకున్న అతి పెద్ద ఆధారం కూలింది. నా మట్టుకు నాకు చీలికకు ముందు అన్న మాటే ఎక్కువ నమ్మదగ్గదిగా కనిపిస్తోంది.

ఏ చోట పెట్టినా ఒక్క సంగతి మారదు. మొసళ్లు ఫైటోసార్ల నుంచి పుట్టలేదు. పారాసుకస్ కాలంలో మొసళ్ల అసలు పూర్వీకులు నీళ్లలో లేవు. సన్నని పొడుగు కాళ్లతో నేల మీద పరుగెత్తే చిన్న జంతువులుగా ఉన్నాయి. వేల్స్‌లో దొరికిన టెరెస్ట్రిసుకస్ అలాంటిదే. దాన్ని చూస్తే మొసలి పూర్వీకుల బంధువని ఎవరూ అనుకోరు, పారాసుకస్‌ను చూస్తే మొసలి కాదని ఎవరూ అనుకోరు. ఫైటోసార్లు కూడా మొదటి నుంచీ పొడుగు మూతివి కావు. చైనాలోని యునాన్‌లో దొరికిన డియాండోంగోసుకస్‌ను 2012లో ఇంకో గుంపులో చేర్చారు. 2017లో అది తొలినాటి ఫైటోసార్ అని గుర్తించారు. దాని మూతి పొట్టిది.

సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట ట్రయాసిక్ కాలం ముగిసేటప్పుడు, ఖండాలు విడిపోవడం మొదలై, ఇప్పుడు అట్లాంటిక్ సముద్రం ఉన్నచోట భారీ ఎత్తున లావా పొంగింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి వాతావరణం తలకిందులైంది. ఫైటోసార్లు తుడిచిపెట్టుకుపోయాయి. నదుల ఒడ్డున వాటి చోటు ఖాళీ అయింది. సన్న కాళ్ల పరుగు జంతువుల వారసులు ఆ తర్వాతి కాలంలో నీళ్లలోకి దిగి, అదే పొడుగు మూతిని, అదే పొట్టి కాళ్లను కొత్తగా, తమ పద్ధతిలో సంపాదించుకున్నాయి. శివ్వారం మొసలి ఆ వరసలోది.

మలేరి పొరల పని అయిపోలేదు. అక్కడ దొరికిన తొలినాటి రాక్షసబల్లి ఆల్వాకేరియా ఎముకల్లో వేరే జంతువులవి కలిశాయని తర్వాత అనుమానాలు వచ్చాయి. లైడెక్కర్ సంచిలో జరిగిందే మళ్లీ జరిగింది. అందుకే ఆ వైపు చెలకల్లో, వాగు గట్ల మీద ఎర్రమట్టిలో రాయిలా బరువైన ఎముక కనిపిస్తే దాన్ని పెకిలించకండి. ఫోన్‌లో లొకేషన్ పెట్టుకుని, పక్కన ఏదైనా కొలత కోసం ఉంచి ఫొటో తీసి, హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికి తెలపండి. ఎవరో ముందే పెకిలించి ఉంటే, పారాసుకస్ పొట్టలోని మలేరిసారస్ విడి ఎముకల కుప్పలో కలిసిపోయేది.